తానా అంటే తందానా... అదేనా విధేయత?

పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు తప్పు చేస్తే తిట్టడానికి మనకి బోలెడన్ని మాటలున్నాయి. ఆ పక్క కుర్చీలో కూర్చుని, అది తప్పని తెలిసీ తల ఊపినవాళ్లని ఏమనాలి? పిరికివాళ్లనాలా? పాపం, నిస్సహాయులనాలా? చాలామంది మాత్రం 'నమ్మకస్తుడు' అనే అంటారు. విధేయుడు, విశ్వాసపాత్రుడు అని మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పుతోనే నాకు పేచీ.

అమెరికా ఉపాధ్యక్షుల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ పేచీ మళ్లీ మొదలవుతుంది. ఆ పదవి మీద మనవాళ్లకి ఈమధ్య ఆసక్తి కూడా పెరిగింది. 2025 జనవరి 20న జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్నప్పుడు పక్కన బైబిల్ పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య ఉష, చిలుకూరి వారి ఆడపడుచు. వడ్లూరు వాళ్ల పూర్వీకుల ఊరు. మన పేపర్లూ టీవీలూ ఆ ఊరికి పరుగులు తీశాయి. 'మన అల్లుడు' అని మురిసిపోయాం. సంతోషమే! కానీ అల్లుడుగారు కూర్చున్న కుర్చీ ఎలాంటిదో, అంతకుముందు అందులో కూర్చున్నవాళ్లు ఏం చేశారో కూడా తెలుసుకుంటే బావుంటుంది కదా. ముఖ్యంగా ఒకాయన కథ. ఆయన హ్యూబర్ట్ హంఫ్రీ. 1965 జనవరి నుంచి 1969 జనవరి దాకా లిండన్ జాన్సన్ దగ్గర ఉపాధ్యక్షుడు.

'అమెరికా రాజకీయాలు మనకెందుకమ్మా!' అని పేజీ తిప్పెయ్యకండి. రెండో కుర్చీ సంగతి మన ఆడవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తీసెయ్యలేని పదవి

మన ఉపరాష్ట్రపతితో పోల్చుకుంటే ఆ పదవి అర్థం కాదు. మన ఉపరాష్ట్రపతి రాజ్యసభ నడుపుతారు. ప్రభుత్వం చేసే పనులకి ఆయన బాధ్యుడు కాదు. అమెరికాలో అలా కాదు. అధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషే తన జోడీని ఎంచుకుంటాడు. ఇద్దరూ కలిసి ఓట్లడుగుతారు, ఇద్దరూ కలిసి గెలుస్తారు. గెలిచాక రాజ్యాంగం ఈ రెండో మనిషికి ఇచ్చే పని పెద్దగా ఉండదు. సెనేట్‌కి అధ్యక్షత వహించడం, అక్కడ ఓట్లు సమానమైతే తన ఓటు వెయ్యడం, పెద్దాయనకి ఏమన్నా అయితే ఆ స్థానంలోకి రావడం... అంతే. మిగతాదంతా అధ్యక్షుడి దయ. ఏ సమావేశానికి పిలవాలి, ఏ పని అప్పగించాలి, ఏ కాగితం చూపించాలి అన్నీ ఆయనిష్టం.

కానీ ఒక సంగతి గమనించండి. మంత్రిని అధ్యక్షుడు ఒక్క మాటతో ఇంటికి పంపెయ్యొచ్చు. ఉపాధ్యక్షుణ్ణి పంపలేడు. ఆయనా ఎన్నికై వచ్చినవాడే. పైగా పదవిలోకి వచ్చేటప్పుడు ఆయన చేసే ప్రమాణంలో అధ్యక్షుడి ఊసే ఉండదు. రాజ్యాంగాన్ని కాపాడతాననే ఉంటుంది. అంటే చట్టప్రకారం చూస్తే, ఆ ప్రభుత్వంలో నోరు విప్పడానికి అందరికంటే ఎక్కువ భరోసా ఉన్న మనిషి ఆయనే! తీరా చూస్తే అందరికంటే ముందు నోరు కుట్టేసుకునేదీ ఆయనే. ఎందుకని? ఉద్యోగం తియ్యలేకపోయినా తలుపు మూసెయ్యొచ్చు కాబట్టి. ఆ మూసిన తలుపు మనిషిని ఎంత మారుస్తుందో హంఫ్రీ జీవితం చెబుతుంది.

మెతక మనిషి కాదాయన

హంఫ్రీ స్వతహాగా పిరికివాడైతే ఈ కథ చెప్పుకోనక్కర్లేదు. దక్షిణ డకోటాలో మందుల షాపు నడుపుకునే ఒకాయన కొడుకు. తనూ ఫార్మసీ చదివి తండ్రి షాపులో కూర్చున్నాడు. 1945లో మినియాపొలిస్ నగర మేయరయ్యాడు. 1948లో ఫిలడెల్ఫియాలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగినప్పుడు ఆయనకి 37 ఏళ్లు. నల్లజాతివాళ్ల పౌరహక్కుల సంగతి ఎత్తితే పార్టీ చీలిపోతుందని పెద్దలంతా బతిమాలారు. ఆయన వినలేదు. వేదికెక్కి, ఇప్పటికే చాలా ఆలస్యమైపోయిందని మాట్లాడారు. తీర్మానం నెగ్గింది. దక్షిణాది ప్రతినిధులు కొందరు సభలోంచి లేచి వెళ్లిపోయారు. పోతే పోనీ అన్నాడు ఆ కుర్రాడు!

1964లో పౌరహక్కుల చట్టాన్ని సెనేట్‌లో గట్టెక్కించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. వ్యతిరేకులు రెండు నెలలకి పైగా ఉపన్యాసాలతో అడ్డుకున్నారు. చివరికి జూన్ 10న 71-29 ఓట్లతో ఆ అడ్డు తొలగింది. ఉద్యోగాల్లో ఆడా మగా తేడా చూపకూడదని చెప్పిన చట్టం కూడా అదేనని మనం గుర్తు పెట్టుకోవాలి.

ఆయనకి మనతోనూ ఒక బంధం ఉంది. పి.ఎల్. 480 అన్న మాట పాతతరం వాళ్లు మరిచిపోయి ఉండరు. 1954లో వచ్చిన ఆ చట్టం కిందే అమెరికా మిగులు గోధుమలు మన రేషన్ షాపులకొచ్చాయి. అన్నం తప్ప మరోటి ఎరగని ఇళ్లలో ఆ గోధుమలతో ఏం చెయ్యాలో తెలియక, రవ్వ పట్టించి ఉప్మా చేసిన అమ్మమ్మలెందరో! ఆ మిగులు ధాన్యాన్ని శాంతి కోసం వాడాలని సెనేట్‌లో గట్టిగా వాదించినవాళ్లలో హంఫ్రీ ముందువరసలో ఉండేవారు. ఆకలి మీదా వివక్ష మీదా కోపం ఉన్న మనిషి ఆయన. అలాంటి మనిషి నోటికే తాళం పడింది.

ఒక్క ఉత్తరం, ఏడాది శిక్ష

1964 ఎన్నికల్లో జాన్సన్, హంఫ్రీల జోడీ 61 శాతం ఓట్లతో గెలిచింది. ప్రత్యర్థి గోల్డ్‌వాటర్ యుద్ధాలు తెచ్చిపెట్టే మనిషనీ, తాము శాంతి కోరేవాళ్లమనీ చెప్పుకుని గెలిచారు. 1965 ఫిబ్రవరి 7న వియత్నాంలోని ప్లేకూలో అమెరికా స్థావరం మీద దాడి జరిగింది. ఉత్తర వియత్నాం మీద బాంబులు వెయ్యాలని జాన్సన్ చుట్టూ ఉన్నవాళ్లు పట్టుబట్టారు. పదవిలోకి వచ్చి నెల కూడా కాని హంఫ్రీ సమావేశంలో సందేహం వెలిబుచ్చారు. తర్వాత అదే నెల మధ్యలో జాన్సన్‌కి ఒక పెద్ద ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం ఎంత దూరం చూసిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. మనం ఎందుకు యుద్ధం చేస్తున్నామో జనానికి అర్థం కావట్లేదన్నారు. ఎవర్ని తిట్టి గెలిచామో ఆ గోల్డ్‌వాటర్ విధానాన్నే మనం పట్టుకుంటున్నామన్నారు. ఇది ముదిరితే మనకి ఎదురు తిరిగేది ప్రతిపక్షం కాదు, మన పార్టీవాళ్లే, మనకి ఓటేసినవాళ్లే అన్నారు. ఇంత పెద్ద మెజారిటీతో గెలిచాం, ఇందులోంచి బయటపడటానికి 1965ని మించిన మంచి సమయం రాదన్నారు. మూడేళ్ల తర్వాత జరిగినదంతా అందులో ముందే ఉంది!

చూశారా, ఆయన పేపర్లకి ఎక్కలేదు. వీధిలో కేకలెయ్యలేదు. ఇంటి గుట్టు బయట పెట్టలేదు. విధేయుడు ఎలా మాట్లాడాలంటారో సరిగ్గా అలాగే, నాలుగు గోడల మధ్య, అధ్యక్షుడి మేలు కోరి రాశారు. అయినా జాన్సన్‌కి కోపం వచ్చింది. దాదాపు ఏడాదిపాటు వియత్నాం మీద జరిగే ముఖ్య సమావేశాలకి ఆయన్ని పిలవడం మానేశారు. మార్చి 2న బాంబుల దాడి పూర్తి స్థాయిలో మొదలైంది. మార్చి 8న అమెరికా సైనికులు డానాంగ్‌లో దిగారు. 1965 అయ్యేసరికి అక్కడ 1 లక్షా 84 వేలమంది అమెరికా సైనికులున్నారు.

ఇక్కడిదాకా హంఫ్రీ మీద నాకు గౌరవమే. అసలు కథ తర్వాతది.

తలుపు బయటున్న మనిషికి లోపలికి ఎలా వెళ్లాలన్నదే బెంగ. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి పోయినప్పుడు అంత్యక్రియలకి అమెరికా తరఫున ఢిల్లీ వచ్చింది హంఫ్రీయే. ఫిబ్రవరిలో జాన్సన్ ఆయన్ని ఆసియా దేశాల పర్యటనకి పంపారు. వియత్నాం వెళ్లారు, మళ్లీ ఢిల్లీ వచ్చి, అప్పుడే ప్రధాని అయిన ఇందిరాగాంధీని కలిశారు. తిరిగి వెళ్లేసరికి ఆయన వేరే మనిషి. యుద్ధం న్యాయమైనదే, మనం గెలుస్తున్నాం అని ఊరూరా ఉపన్యాసాలు మొదలుపెట్టారు. 1967లో సైగాన్‌లో తమ ఎంబసీవాళ్లతో మాట్లాడుతూ ఈ యుద్ధం ఒక గొప్ప సాహసకార్యమన్నట్టు పొగిడారు కూడా!

ఆయన నిజంగానే మనసు మార్చుకున్నారేమో అంటారు కొందరు. ఉండొచ్చు. కానీ ఆ మార్పు వచ్చిన వేళ చూడండి. ఏడాదిపాటు బయట నిలబెట్టాక, మళ్లీ తలుపు తెరుచుకునే సమయానికి వచ్చింది. లోపలికి రావాలంటే ఏం నమ్మాలో తెలిసిన మనిషికి ఆ నమ్మకం కుదరడం ఏమంత కష్టం? పుట్టింటి మాట ఎత్తితే మొహాలు మాడ్చుకునే ఇంట్లో, కొన్నాళ్లకి కోడలే 'మా పుట్టింటివాళ్లకి ఏమీ తెలీదండీ' అనడం మొదలుపెడుతుంది చూడండి... అలాంటి మార్పే ఇదీను. దాన్ని మనసు మారడం అంటామా, మనసు చంపుకోవడం అంటామా?

రెండోవైపు కూడా చూద్దాం

విధేయతని సమర్థించేవాళ్ల మాటల్ని కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ల వాదనలోనూ బలముంది. జాన్సన్ ప్రభుత్వం యుద్ధం ఒక్కటే చెయ్యలేదు. వృద్ధులకి వైద్యం అందించే మెడికేర్, నల్లజాతివాళ్లకి ఓటుహక్కుని నిజం చేసిన చట్టం... రెండూ 1965లోనే వచ్చాయి. హంఫ్రీ జీవితమంతా కోరుకున్నవి ఇవే. ఒక్క యుద్ధం విషయంలో ఎదురు తిరిగితే వీటిలో తన చెయ్యి లేకుండా పోతుంది. లోపల ఉంటే ఏదో ఒక రోజు ఆ యుద్ధాన్నీ ఆపగలమన్న ఆశ ఉంటుంది. తనని ఎంచుకుని ఇంతటివాణ్ణి చేసిన మనిషికి వెన్నుపోటు పొడవకూడదన్న కృతజ్ఞత ఉంటుంది. ఉప్పు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదన్నది మనకీ ఉన్న నీతే కదా.

సరే. మరి ఆ లోపల ఉండటం ఏం సాధించింది? విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న జార్జ్ బాల్ కూడా యుద్ధం వద్దంటూ మెమో మీద మెమో రాశారు. ఆయన్ని జాన్సన్ సమావేశాల్లోంచి తోసెయ్యలేదు. 'మా దగ్గర వద్దనేవాళ్లు కూడా ఉన్నారు' అని చెప్పుకోవడానికి ఒకరు పనికొచ్చారు. బాల్ మాటలు విన్నారు, యుద్ధం పెంచారు. 1966లో ఆయన నిశ్శబ్దంగా తప్పుకున్నారు. ఆయన మౌనం కూడా యుద్ధాన్ని ఆపలేదు, నిజమే. కానీ ఆయన బయటికొచ్చి యుద్ధాన్ని పొగుడుతూ ఊరేగలేదు. నాకు హంఫ్రీలో తప్పుగా కనపడేది ఇక్కడే. ఆయన ఉద్యోగం వదులుకోకపోవడం కాదు. మౌనంగా ఉండిపోయినా క్షమించేదాన్ని. తను వద్దన్న దానికే గొంతు అరువిచ్చాడు!

మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు తానా అంటే వాళ్లు తందానా అంటారు, నిజమే. అందుకే తల ఊపేవాళ్లకి ఆ సామెత స్థిరపడిపోయింది. కానీ బుర్రకథ చూసినవాళ్లకి తెలుసు, వంత పని అంతటితో అయిపోదు. మధ్యలో ఆపి, 'అదేమిటి గురూ, అదెలా కుదురుతుంది?' అని అడుగుతాడు. ఎకసెక్కం చేస్తాడు. ఊళ్లో సంగతులు తెచ్చి కథలో కలుపుతాడు. జనం మనసులో ఉన్న అనుమానాన్ని వేదిక మీద పెట్టేది వంతే. అయినా కథ చెడదు, రక్తి కడుతుంది. అడిగే వంత లేకపోతే అది బుర్రకథే కాదు.

జాన్సన్‌కి కావలసింది అలాంటి వంత కాదు. తందానా అనే గొంతు మాత్రమే.

కప్పకీ పాముకీ మధ్య

1968 వచ్చింది. జనవరి చివర్లో వియత్నాం కొత్త సంవత్సరం పండుగ వేళ ఊరూరా ఒకేసారి దాడులు జరిగేసరికి 'గెలుస్తున్నాం' అన్న మాట ఎంత బూటకమో అమెరికా జనానికి టీవీల్లో కనపడింది. మార్చి 31న జాన్సన్ ఇక పోటీ చెయ్యనని ప్రకటించారు. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. జూన్‌లో రాబర్ట్ కెనడీని చంపేశారు. పార్టీ అభ్యర్థిత్వం హంఫ్రీ వైపు వచ్చింది. సొంత మాట చెప్పుకోవడానికి ఇంతకంటే అవకాశం ఏముంటుంది?

జులైలో బాంబులు ఆపుదామంటూ ఒక ప్రకటన రాసుకుని జాన్సన్‌కి చూపించారు. అప్పుడు జాన్సన్ అల్లుళ్లిద్దరూ సైన్యంలో ఉన్నారు. నువ్వు ఈ మాటంటే మా అల్లుళ్ల ప్రాణాలకే ముప్పు అన్నట్టు ఆయన మాట్లాడారని హంఫ్రీ దగ్గర పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. ప్రకటన జేబులోకి వెళ్లిపోయింది. ఆగస్టులో చికాగో మహాసభలో రాజీగా ఒక తీర్మానం తయారు చేయించారు. జాన్సన్ ఒప్పుకోలేదు. హంఫ్రీ వెనక్కి తగ్గారు. శాంతి కోరిన తీర్మానం సుమారు 1,567-1,041 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆగస్టు 28 రాత్రి హోటల్ ముందు పోలీసులు కుర్రాళ్లని చితకబాదుతుంటే, పైన గదిలో ఉన్న హంఫ్రీ దాకా బాష్పవాయువు ఘాటు వచ్చింది. ఆ రాత్రే ఆయన అభ్యర్థి అయ్యాడు. జీవితంలో పెద్ద పండుగ రోజు... ఎలా జరిగిందో చూడండి!

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎక్కడికెళ్లినా కుర్రాళ్లు అల్లరి చేసేవారు, మాట్లాడనిచ్చేవారు కాదు. సెప్టెంబరు చివర్లో గాలప్ సర్వేలో నిక్సన్‌కి 43 శాతం, హంఫ్రీకి 28 శాతం. అప్పుడు, సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీ నుంచి టీవీలో మాట్లాడారు. శాంతి కోసం ఆ మాత్రం సాహసం చెయ్యొచ్చు, నేనైతే ఉత్తర వియత్నాం మీద బాంబులు ఆపుతానన్నారు. ఆ రోజు ఆయన ముందున్న బల్లకి ఉపాధ్యక్షుడి చిహ్నం కూడా పెట్టించుకోలేదు. మెత్తగా, తప్పించుకోవడానికి సందులు వదులుకుంటూ చెప్పిన మాటే. అయినా ఆ కాస్త మాటకే జనం మొహాలు విప్పారాయి. నిజంగానే అంటున్నావా, అయితే మేమూ నీతోనే అన్న అట్టలు పట్టుకుని సభలకి రావడం మొదలుపెట్టారు. సర్వేల్లో తేడా తరుగుతూ వచ్చింది.

నవంబరు 5న ఓట్లు పడ్డాయి. నిక్సన్‌కి 43.4 శాతం, హంఫ్రీకి 42.7 శాతం. 7 కోట్ల పైచిలుకు ఓట్లలో తేడా 5 లక్షల చిల్లర. ఓటమికి ఇదొక్కటే కారణమని నేననను. దక్షిణాదిలో జార్జ్ వాలెస్ చీల్చిన ఓట్లున్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. కానీ 36 రోజుల ముందు చెప్పిన మాట ఆగస్టులోనే చెప్పి ఉంటే? అన్న ప్రశ్న మాత్రం ఎవరికైనా వస్తుంది. విధేయత చూపించినందుకు జాన్సన్ ఆయన్ని గౌరవించిందీ లేదు, జనం నమ్మిందీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు.

ఖర్చు ఎవరి ఖాతాలో?

హంఫ్రీ మీద జాలిపడే పుస్తకాలు చాలా ఉన్నాయి. పాపం, అధ్యక్షుడు కాలేకపోయాడే అని! నాకు ఆ జాలి రాదు. పదవి పోతే ఆయనకి పోయింది. ఆ ఉత్తరం రాసిన నాటికి వియత్నాంలో చనిపోయిన అమెరికా సైనికుల సంఖ్య వందల్లోనే ఉంది. యుద్ధం అయ్యేసరికి 58 వేలు దాటింది. అవతలివైపు, సుమారు 20 లక్షలమంది మామూలు జనం, 11 లక్షలమంది పోరాడినవాళ్లు చనిపోయారని 1995లో వియత్నాం ప్రభుత్వం లెక్క చెప్పింది. ఒక్క ఉపాధ్యక్షుడు నోరు విప్పితే ఇవన్నీ ఆగిపోయేవని కాదు. కానీ అంతా తెలిసిన మనిషి 'అంతా బాగానే ఉంది' అని చెబితే, ఏమీ తెలియని తల్లి నమ్మి కొడుకుని పంపుతుంది. ఆయన విధేయతకి ఖర్చు పెట్టింది ఆ తల్లి.

ఆ ఖర్చు కూడా మనదాకా వచ్చింది. 1966లో కరువుతో మనదేశం దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకుంది. వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు విమర్శించడం జాన్సన్‌కి కంటగింపుగా ఉండేది. అదీ ఒక కారణమై గోధుమల్ని నెలకింత అని బిగబట్టి వదిలారు. అంటే ఉపాధ్యక్షుడి దగ్గర కోరిన తందానానే ఆకలిగొన్న దేశం దగ్గరా కోరారన్నమాట.

అదే 1968 జనవరి 15న వాషింగ్టన్‌లో వేలమంది ఆడవాళ్లు యుద్ధం వద్దంటూ ఊరేగింపు తీశారు. ముందు నడిచింది 87 ఏళ్ల జీనెట్ రాంకిన్. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొట్టమొదటి మహిళ. గాంధీగారి మీద అభిమానంతో మనదేశానికి పలుమార్లు వచ్చినావిడ. 1941లో జపాన్ మీద యుద్ధం ప్రకటించేటప్పుడు దిగువసభలో వద్దని ఓటేసిన ఒకే ఒక్కరు ఆవిడ. 388 మంది అవునంటే ఒక్కతీ కాదంది. ఆ యుద్ధం విషయంలో ఆవిడది తప్పని చాలామంది అంటారు, వాదించొచ్చు. కానీ ఆవిడ ఏమనుకుంటోందో తెలుసుకోవడానికి ఎవరూ ఆవిడ పాత ఉత్తరాలు వెతకనక్కర్లేకపోయింది!

మన దగ్గరా ఒక పెద్దమనిషి ఉన్నాడు. హిందూ కోడ్ బిల్లుని పక్కన పెట్టేశారన్నది ముఖ్య కారణాల్లో ఒకటిగా 1951 సెప్టెంబరులో అంబేద్కర్ నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా చేశారు. నాలుగేళ్లు లోపలే ఉండి ఆ బిల్లు కోసం పోరాడారు. ఇక కాదని తేలాక, ఎందుకు వెళ్తున్నానో చెప్పి మరీ వెళ్లారు. 1955, 1956ల్లో ఆ బిల్లే ముక్కలు ముక్కలుగా చట్టాలై వచ్చింది. ఆడవాళ్ల ఆస్తి, విడాకుల కోసం ఒక మంత్రి పదవి వదులుకున్నాడన్న సంగతి మనం మన పిల్లలకి చెబుతున్నామా?

కుర్చీ మారలేదు

హంఫ్రీ నాటి మాట హంఫ్రీతో పోలేదు. 2021 జనవరి 6న ఎన్నికల లెక్కని ఆపమని ట్రంప్ ఒత్తిడి చేసినప్పుడు ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఒప్పుకోలేదు. నాలుగేళ్లు తందానా అన్న మనిషే, ప్రమాణం అధ్యక్షుడికి కాదని చివరి రోజుల్లో చూపించారు. 2024 అక్టోబరులో ఒక టీవీ కార్యక్రమంలో, ఆడవాళ్లే నడిపే కార్యక్రమం అది, బైడెన్ చేసినవాటిలో మీరు వేరేగా చేసి ఉండేవి ఏమైనా ఉన్నాయా అని కమలా హారిస్‌ని అడిగారు. ఏమీ గుర్తు రావట్లేదన్నారు. గాజా విషయంలో సొంత పార్టీ కుర్రాళ్లే ఆవిడ నోటి నుంచి ఒక మాట కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఒక అమ్మాయి అంత ఎత్తుకి ఎదిగాక కూడా ఆ ప్రశ్న దగ్గర తడబడాల్సి వచ్చిందంటే, లోపం మనిషిదెంతో కుర్చీదీ అంతే.

ఇక మన అల్లుడుగారు. 2025 మార్చిలో యెమెన్ మీద దాడుల గురించి అధికారులు రహస్యంగా రాసుకున్న సందేశాలు పొరపాటున ఒక సంపాదకుడి కంటబడి, పత్రికకెక్కాయి. అందులో వాన్స్ మనం తప్పు చేస్తున్నామనుకుంటున్నానని రాశారు. వెంటనే, మీరంతా ఒకమాట మీదుంటే నా అనుమానాలు నాలోనే ఉంచుకుంటానని కూడా రాశారు. అరవై ఏళ్లు గడిచాయి, పార్టీ వేరు, దేశం వేరు, యుద్ధం వేరు. వాక్యం మాత్రం అదే!

ఇదంతా ఆడవాళ్ల పేజీలో ఎందుకంటారా? విధేయత అన్న పరీక్ష ఎప్పుడూ రెండో కుర్చీలో ఉన్నవాళ్లకే పెడతారు కాబట్టి. మొదటి కుర్చీవాళ్లని 'మీరు మాకు విధేయులేనా' అని ఎవరూ అడగరు. ఇంట్లో అప్పు చేసి ఆడంబరంగా పెళ్లి చేస్తానంటాడు ఇంటాయన. వద్దంటే 'నీకు మా వంశం పరువు పట్టదు' అంటాడు. ఆఫీసులో పైఅధికారి తప్పుడు లెక్క మీద సంతకం చెయ్యమంటాడు. తటపటాయిస్తే 'నువ్వు మనిషివి కాదా, మనలో మనిషివి కాదా' అంటాడు. పంచాయతీలో గెలిచిన వార్డు మెంబరమ్మ చెయ్యెత్తకపోతే పార్టీకి ద్రోహం చేసినట్టే. ఇవన్నీ ఆ తెల్లభవనంలో జరిగినవాటికి తమ్ముళ్లే.

అందరూ రాజీనామాలు చెయ్యండి, ఇళ్లు వదిలెయ్యండి అని నేను చెప్పను. అలా చెప్పడం తేలిక, చెయ్యడానికి మనలో చాలామందికి వెనక ఆసరా ఉండదు. నేననేది చిన్న మాట. మొదట లోపల చెప్పండి, హంఫ్రీ ఉత్తరంలా వివరంగా, కోపం లేకుండా చెప్పండి. వినకపోతే, బతుకు కోసం మౌనంగా ఉండాల్సి వస్తే ఉండండి. కానీ మీరు తప్పనుకున్నదాన్ని మీ నోటితో మెచ్చుకోమని అడిగినప్పుడు మాత్రం ఆ ఒక్కటీ చెయ్యకండి. మౌనం నుంచి మళ్లీ మాటకి రావచ్చు. ఒకసారి భజన మొదలుపెట్టాక ఆ గొంతు మనదని మనకే గుర్తుండదు. హంఫ్రీకి సాల్ట్ లేక్ సిటీలో అది గుర్తొచ్చేసరికి మూడున్నరేళ్లు పట్టింది.

పెద్ద కుర్చీలో కూర్చునే అదృష్టం మీకు ఉంటే, మీరూ ఒక సంగతి చూసుకోండి. మీ పక్కనున్న మనిషి 'అదేమిటి, అదెలా కుదురుతుంది?' అని మిమ్మల్ని ఆఖరిసారి ఎప్పుడు అడిగింది? చాలాకాలమైందంటే, ఆవిడకి మీరు చేసేవన్నీ నచ్చుతున్నాయని మాత్రం అనుకోకండి.